ఇష్టమైన క్రూజ్ కంపెనీ మార్చే ముందు చిన్న ఓడల్ని ఎలా పోల్చుకోవాలి?

మా భీమవరం వైపు రొయ్య రేటు చెబితే వెంటనే వచ్చే ప్రశ్న "కౌంట్ ఎంత?" అనే, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయని. 30 కౌంట్‌కీ 100 కౌంట్‌కీ ధరలో ఎంత తేడా ఉంటుందో చెరువుగట్టు మీద పెరిగిన పిల్లలకి కూడా తెలుసు. అలాంటి మనమే లగ్జరీ క్రూజ్ దగ్గరికి వచ్చేసరికి "రాత్రికి ఇంత" అన్న ఒక్క అంకె చూసి ఇది చవక, అది ఖరీదు అనేసుకుంటాం. నేనూ మా ఆయనా ఒకే కంపెనీ ఓడల్లో ఐదుసార్లు తిరిగాం, ఆరోసారి మాత్రం ఏసీ నాలుగు రోజులు పనిచేయలేదు, ఎన్నిసార్లు చెప్పినా "చూస్తాం మేడమ్" తప్ప ఏమీ జరగలేదు, భోజనం కూడా ముందులా లేదు. దిగేటప్పుడే ఇక మారిపోదాం అనుకున్నాం. తీరా ఇంటికొచ్చి లెక్కలు వేయడం మొదలుపెడితే మారాలా వద్దా, మారితే దేనికి అని తేల్చుకోవడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో నేర్చుకున్నదే వరసగా రాస్తున్నాను.

1. కోపం దేని మీదో ముందు తేల్చుకోండి

నరసాపురంలో ఉండే మా తోడికోడలికి ఫోన్ చేసి అరగంట గోడు వెళ్లబోసుకున్నాను. అంతా విని తను ఒక్కటే అడిగింది: "అక్కా, నీ కోపం కంపెనీ మీదా, ఆ ఓడ మీదా?" దానికి నా దగ్గర సమాధానం లేదు. అప్పుడు మా ఆయన మేత లెక్కలు రాసే పుస్తకంలో ఒక పేజీ తీసుకుని మధ్యలో గీత గీశాను. ఎడమవైపు ఈ ఐదుసార్లూ నిజంగా వాడుకున్నవి, కుడివైపు ఈసారి బాధపెట్టినవి. మేం మందు తాగం, కేసినో వైపు వెళ్లం, స్పాకి ఒక్కసారే వెళ్లాం. పొద్దున్నే బాల్కనీలో కాఫీ, రేవుల్లో ఎక్కువసేపు తిరగడం, పేరు పెట్టి పలకరించే స్టాఫ్, ఈ మూడే మా ఎడమవైపు నిలిచాయి.

మీరూ ఇది రాయండి, మనసులో అనుకుంటే సరిపోదు. రాశాక చాలామందికి తేలేది ఏమిటంటే, సమస్య పాతబడిన ఓడతోనే, కంపెనీతో కాదని. ఒకే కంపెనీలో పాత ఓడకీ కొత్త ఓడకీ బోలెడంత తేడా ఉంటుంది, పైగా ఓడలు చేతులు మారతాయి కూడా. సీబోర్న్ అనే క్రూజ్ కంపెనీ వాళ్ల ఒడిస్సీ ఓడనే చూడండి, 2024లో ఆ కంపెనీ నుంచి వెళ్లిపోయి జపాన్‌లోని మిత్సుయి కంపెనీ వాళ్ల దగ్గర వేరే పేరుతో తిరుగుతోంది. కాబట్టి పోల్చాల్సింది ఓడని, రూటుని. కంపెనీ పేరు ఆ తర్వాతే.

2. "చిన్న ఓడ" అంటే ఎంత చిన్నదో అడగండి

ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. సీడ్రీమ్ అనే కంపెనీ ఓడల్లో 112 మందే ఎక్కుతారు. విండ్‌స్టార్‌లో స్టార్ బ్రీజ్ లాంటివాటిలో 312 మంది. సీబోర్న్ ఎంకోర్‌లో 600, సిల్వర్‌సీ వాళ్ల సిల్వర్ నోవాలో 728, ఎక్స్‌ప్లోరా 1లో 900 దాటుతారు. అన్నిటినీ చిన్న ఓడలనే అమ్ముతారు. కానీ నరసాపురం రేవులో సఖినేటిపల్లికి దాటించే పంటుకీ, పాపికొండల లాంచీకీ, లంకకి వెళ్లే నాటుపడవకీ ఎంత తేడా ఉంటుందో వీటి మధ్య కూడా అంతే తేడా. నాటుపడవ ఆగే చోట పంటు ఆగలేదు కదా.

దీని ఫలితం రేవుల దగ్గర కనిపిస్తుంది. వెనిస్‌లో 2021 ఆగస్టు నుంచి 25,000 టన్నులు దాటిన ఓడల్ని ఊరి మధ్య కాలువలోకి రానివ్వడం లేదు. సీడ్రీమ్ ఓడ 4,300 టన్నుల పైచిలుకు, ఎంకోర్ 41,000 దాటుతుంది. అంటే రెండో దాని బ్రోషర్‌లో వెనిస్ అని ఉన్నా ఓడ వేరేచోట ఆగి, అక్కడి నుంచి బస్సో పడవో ఎక్కాలన్నమాట. గ్రీస్‌లో కొరింత్ కాలువ అడుగున 21 మీటర్ల వెడల్పే, దాంట్లోంచి వెళ్లాలన్న కోరిక ఉంటే బాగా చిన్న ఓడే తీసుకోవాలి. అంటార్కిటికాలో అయితే ఒకచోట ఒకేసారి 100 మంది కంటే ఎక్కువ దిగకూడదు, 500 మంది దాటిన ఓడల నుంచి అసలు ఎవర్నీ దింపరు.

రూటు కాగితంలో రేవు పేరు పక్కన టెండర్ అని ఉందేమో చూడండి. అంటే ఓడ సముద్రంలోనే ఆగుతుంది, చిన్న బోటు మీద ఒడ్డుకి చేరాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఇది పెద్ద విషయం. మా అత్తగారిని ఒకసారి అలా బోటులోకి దింపడానికి ఇద్దరు కుర్రాళ్లు చెరో చెయ్యీ పట్టుకోవాల్సి వచ్చింది, బోటు ఒక అలకి పైకి లేస్తుంది, ఇంకో అలకి జారుతుంది, ఆవిడ కాలు చాచి మళ్లీ వెనక్కి తీసుకోవడం నాకింకా కళ్లముందే ఉంది.

ఇక ఇరుకా, విశాలమా అన్నది తెలియాలంటే ఓడ టన్నేజ్‌ని ప్రయాణికుల సంఖ్యతో భాగించండి. ఈ టన్నేజ్ బరువు కాదు, లోపలి చోటుని బట్టి వేసే లెక్క. ఎంకోర్‌కి 70 దాకా వస్తుంది, స్టార్ బ్రీజ్‌కి 42, సీడ్రీమ్‌కి 39. ప్రపంచంలోని అతిపెద్ద ఓడల్లో ఒకటైన ఐకాన్ ఆఫ్ ద సీస్‌కి కూడా గదికి ఇద్దరి లెక్కన 44 వస్తుంది. అంటే చిన్న ఓడ కాబట్టి గది పెద్దదని అనుకోవద్దు. సీడ్రీమ్ గదులకి అసలు బాల్కనీయే లేదు. మా లిస్టులో బాల్కనీ కాఫీ ఉంది కాబట్టి ఎంత ముచ్చటగా అనిపించినా దాన్ని అక్కడే పక్కన పెట్టేశాం. మీకు బాల్కనీతో పనిలేకపోతే అంత తక్కువమంది ఉన్న ఓడలో దొరికే ప్రశాంతత ఇంకెక్కడా దొరకదు.

3. రేటుని కౌంట్‌తో సహా చూడండి

ఒకే నెల, దాదాపు ఒకే రూటు, అన్నే రాత్రులు ఉన్న రెండు మూడు ప్రయాణాల రేట్లు పక్కపక్కన పెట్టి చూడండి. రీజెంట్ కంపెనీలో డ్రింక్స్, టిప్స్, వైఫైతో పాటు రేవుల్లో చూపించే టూర్లు కూడా చాలావరకు టికెట్‌లోనే వస్తాయి. సీబోర్న్‌లో టూర్లకి వేరే కట్టాలి. వైకింగ్ సముద్రపు ఓడల్లో ప్రతి రేవులో ఒక టూర్ ఉచితం, 18 ఏళ్ల లోపు పిల్లల్ని ఎక్కించుకోరు. సిల్వర్‌సీలో ప్రతి సూట్‌కీ పనులు చూసిపెట్టే బట్లర్ ఉంటాడు. విండ్‌స్టార్‌లో మామూలు టికెట్‌కి మందు వేరే.

లెక్క కోసం అంకెలు వేసుకుందాం. ఇద్దరికి 10 రాత్రులకి ఒకచోట అన్నీ కలిపి 12 లక్షలు, ఇంకోచోట 10 లక్షలు అనుకోండి. రెండోదాంట్లో ఏడు రేవుల్లో మనిషికి 10,000 చొప్పున టూర్లు వేస్తే 1,40,000. టిప్స్, వైఫై, డ్రింక్స్‌కి ఇంకో 70,000. మొత్తం 12,10,000 అయింది, చవకనుకున్నదే పైకి పోయింది. అదే ఇద్దరూ మందు ముట్టకుండా, రేవుల్లో సొంతంగా నడిచి తిరిగేవాళ్లయితే ఆ 10 లక్షలదే లాభం. అందుకే ఆ ఎడమవైపు లిస్టు ముందు రాయమన్నది. మీరు వాడనిదాన్ని ఉచితంగా ఇస్తే మీకు మిగిలేదేమీ లేదు.

ఒంటరిగా వెళ్లేవాళ్లు సింగిల్ సప్లిమెంట్, అంటే గది ఒక్కరే తీసుకున్నందుకు అదనంగా కట్టేది, ఎంతో తప్పకుండా అడగాలి. ఒక్కొక్కసారి ఇద్దరి టికెట్ మొత్తం ఒక్కరే కట్టాల్సి వస్తుంది.

4. డెక్ ప్లాన్ (ఓడ అంతస్తుల పటం) మీద గది తలపైన ఏముందో చూడండి

పైన స్విమ్మింగ్ పూల్ ఉంటే తెల్లారకముందే కుర్చీలు లాగే చప్పుడు. ముందు కొసన ఉంటే లంగరు గొలుసు చప్పుడు. చిన్న ఓడ ఎక్కువ ఊగుతుంది కాబట్టి కడుపు తిప్పే అలవాటున్నవాళ్లు మధ్యలో, కింది డెక్‌లో తీసుకోవడం మేలు.

5. భోజనం గురించి మెయిల్‌లోనే అడగండి

"శాకాహారం దొరుకుతుందా?" అని అడిగితే అందరూ దొరుకుతుందనే అంటారు. అలా కాకుండా, "10 రాత్రులకి మా ఇద్దరికీ పప్పు, అన్నం, పెరుగు ఉంటాయా, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, గుడ్డు వాడకుండా చేస్తారా?" అని రాసి అడగండి. బాగా నడిపే ఓడల్లో ముందే చెబితే వంటవాళ్లు సరుకు తెప్పించి పెడతారు, ఓడ కదిలాక అడిగితే వాళ్లయినా ఏం చేస్తారు? ఈ మెయిల్‌కి ఎంత తొందరగా, ఎంత వివరంగా జవాబు వచ్చిందో కూడా రాసుకోండి. రేపు ఏసీ ఆగిపోతే మిమ్మల్ని ఎలా చూస్తారో నాకు ఇందులోనే తెలిసింది.

6. వీసా, డబ్బు

మన పాస్‌పోర్ట్‌తో యూరప్ వెళ్లి, మధ్యలో షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు) బయటి రేవులో ఆగేవాళ్లకి షెంగెన్ వీసా మల్టిపుల్ ఎంట్రీ, అంటే ఒకటికంటే ఎక్కువసార్లు లోపలికి రానిచ్చేది, ఉండాలి. ఇటలీలో ఎక్కి, క్రొయేషియా చూసి, మాంటెనెగ్రోలోని కోటర్‌లో ఆగి, మళ్లీ ఇటలీ వస్తే షెంగెన్ బయటికి వెళ్లి తిరిగి లోపలికి వచ్చినట్టే. క్రొయేషియా 2023 నుంచి షెంగెన్‌లో ఉంది, మాంటెనెగ్రో లేదు. సరైన వీసా లేకపోతే ఓడ ఎక్కనివ్వరు, డబ్బూ తిరిగి రాదు.

టికెట్ డాలర్లలోనో యూరోల్లోనో ఉంటుంది. కార్డుతో కడితే ఫారెక్స్ మార్కప్ (విదేశీ డబ్బులో కట్టినందుకు బ్యాంకు వేసే అదనపు రుసుం), ఇక్కడి ఏజెంట్ దగ్గర విదేశీ ప్యాకేజీగా కొంటే టీసీఎస్ (కొనేటప్పుడే వసూలు చేసే పన్ను). టీసీఎస్ ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటవుతుంది కానీ అప్పటిదాకా ఆ సొమ్ము చేతిలో ఉండదు. చాలా కంపెనీలు మూడు నాలుగు నెలల ముందే మొత్తం కట్టించుకుంటాయి. మాకైతే చెరువు పట్టుబడి ఎప్పుడో చూసుకుని బుక్ చేయాలి, లేకపోతే టెన్షనే. కంపెనీ దివాలా తీస్తే డబ్బు ఇచ్చే ఇన్సూరెన్సా కాదా అన్నది కూడా చదవండి. 2022 జనవరిలో మాతృసంస్థ కూలిపోవడంతో క్రిస్టల్ అనే క్రూజ్ కంపెనీ ఓడలు ఆగిపోయాయి, కట్టినవాళ్లు వాపసు కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. తర్వాత ఏ అండ్ కే అనే ట్రావెల్ గ్రూపు ఆ పేరునీ రెండు ఓడల్నీ కొని 2023లో మళ్లీ నడపడం మొదలుపెట్టింది.

7. ఒక్క చిన్న ప్రయాణం చేసి చూడండి

ఒకేసారి మూడు వారాలది తీసుకోవద్దు, 7 రాత్రులు చాలు. పాత కంపెనీలో పోగైన సభ్యత్వం రద్దు చేసుకోవద్దు, అది అలా పడి ఉండనివ్వండి. కొత్తవాళ్లని మాత్రం "మా పాత సభ్యత్వ స్థాయికి మీ దగ్గర ఏమిస్తారు?" అని తప్పక అడగండి. రాయల్ కరీబియన్, సెలెబ్రిటీల్లో తిరిగినవాళ్లకి అదే గ్రూపులోని సిల్వర్‌సీలో స్థాయి కలుపుతారు. వెళ్లే ముందు పాత కంపెనీకి కూడా ఒక ఉత్తరం రాయండి, తిట్టకుండా, ఏం జరిగిందో తేదీలతో సహా. మేం రాస్తే మూడు వారాలకి జవాబు వచ్చింది, తర్వాతి ప్రయాణానికి కొంత తగ్గింపుతో.

అయినా ఈ వేసవికి 312 మంది ఎక్కే ఓడలో 7 రాత్రులు బుక్ చేశాం, బాల్కనీ ఉన్న సూట్. రాజమండ్రి నుంచి హైదరాబాద్ మీదుగా, ఓడ కదలడానికి ఒకరోజు ముందే చేరేలా టికెట్లు తీశాం. తోడికోడలు కూడా వస్తానంటోంది, పక్క గది ఖాళీగా ఉందో లేదో అడగాలి.