మంచు మొదలయ్యేలోపే చూసుకోండి: కెనడాలో ఏ కష్టానికి ఏ లాయరు, ఎన్ని రోజుల్లో

నవంబర్ వచ్చిందంటే మా ఆఫీసు ఫోన్ ఆగదు. ఒంటారియోలోని మిస్సిసాగాలో ఒక చిన్న లా ఆఫీసులో ఎనిమిదేళ్ళుగా క్లర్క్‌గా పనిచేస్తున్నా. లాయర్ని కాదు, కానీ ఫోన్ ముందు ఎత్తేది నేనే, తెలుగులో ఏడుస్తూ చెప్పేవాళ్ళ మాట ముందు వినేదీ నేనే. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఒకటే, మనవాళ్ళు చాలాసార్లు కేసులో బలం లేక నష్టపోవట్లేదు, గడువు దాటాక రావడం వల్ల నష్టపోతున్నారు, లేదంటే ఆ పని తెలియని లాయర్ చేతిలో పెట్టి నష్టపోతున్నారు. మంచు, యాక్సిడెంట్లు, డిసెంబర్ పార్టీలు, ఇయర్ ఎండ్ లేఆఫ్‌లు, అదే నెలల్లో ఎక్స్‌పైర్ అయ్యే పర్మిట్లు, అన్నీ కలిసి మీదపడే కాలం ఇది, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

మన ఊళ్ళో అయితే ఒకే వకీలు గారు పొలం గట్టు తగాదా చూస్తారు, చెక్ బౌన్స్ చూస్తారు, విడాకులూ బెయిలూ కూడా ఆయనే. ఇక్కడ అలా కుదరదు. మీ ఇల్లు రిజిస్టర్ చేయించిన రియల్ ఎస్టేట్ లాయర్ బెయిల్ కోర్టు గుమ్మం తొక్కి ఎన్నేళ్ళయిందో. మంచి మనిషే, మనకి తెలిసినాయనే, కానీ మీ తమ్ముడు అరెస్టయిన రాత్రి ఆయనకి ఫోన్ చేస్తే ఉపయోగం లేదు.

ఇంకో సంగతి, కెనడాలో చట్టం రెండు చోట్ల నుంచి వస్తుంది, ఒకటి ఫెడరల్ అంటే కేంద్రం, రెండోది ప్రావిన్స్ అంటే రాష్ట్రం. క్రిమినల్ చట్టం, విడాకులు ఫెడరల్, ఇమ్మిగ్రేషన్ కూడా చాలావరకు ఫెడరలే. అద్దె ఇల్లు, ఎక్కువ ఉద్యోగాలు, ఆస్తి, యాక్సిడెంట్లు ప్రావిన్స్‌వి. ఇది 1867 రాజ్యాంగ చట్టం నాటి పంపకం. అందుకే ఆల్బెర్టాలోని కాల్గరీలో ఉన్న మీ బావ చెప్పిన రూల్ బ్రాంప్టన్‌లో పనిచేయకపోవచ్చు. ఆల్బెర్టాలో ఇంటి ఓనర్ ఒక నెల అద్దె దాకా సెక్యూరిటీ డిపాజిట్ తీసుకోవచ్చు, ఒంటారియోలో డ్యామేజ్ డిపాజిట్ అడగడమే చట్టవిరుద్ధం. క్యుబెక్ అయితే పద్ధతే వేరు, అక్కడ సివిల్ కోడ్, అక్కడి నోటరీ అంటే స్టాంప్ వేసే మనిషి కాదు, చట్టం చదివిన ప్రొఫెషనల్. నేను కింద రాసే ప్రావిన్స్ విషయాలన్నీ ఒంటారియోవే అనుకుని చదవండి.

ముందు జారి పడటం గురించి. ఇది పర్సనల్ ఇంజురీ లాయర్ పని. సిటీ సైడ్‌వాక్ మీద ఐస్‌కి జారి పడి చెయ్యి విరిగితే, సిటీకి రాతపూర్వకంగా నోటీస్ ఇవ్వడానికి ఉన్నది 10 రోజులే. ప్లాజా పార్కింగ్‌లోనో అపార్ట్‌మెంట్ మెట్ల మీదో పడితే 60 రోజులు, ఇది 2021 జనవరి చివర్నుంచి వచ్చిన రూల్. ఒక పెద్దావిడ, కొడుకు దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చినావిడ, తుంటి విరిగి ఆపరేషన్ అయి, ఇంటికొచ్చి కోలుకున్నాక మాకు ఫోన్ చేయించారు, అప్పటికి మూడున్నర నెలలు. ఆలస్యానికి సరైన కారణం ఉంటే కోర్టు వింటుంది, కానీ ఆ కారణం నిరూపించడమే ఇంకో కేసు అవుతుంది. కాబట్టి పడ్డ చోటు ఫొటో వెంటనే తీయించండి, మర్నాడు పొద్దున ఎవరో వచ్చి ఉప్పు చల్లేసి వెళ్ళిపోతే ఇక ఏ ఆధారమూ ఉండదు. ఆ రోజు వేసుకున్న బూట్లు పారేయకండి. టైము, చోటు, చూసినవాళ్ళ నంబర్ రాసి పెట్టుకోండి. సిటీ మీద కేసంటే మామూలు అజాగ్రత్త చూపిస్తే చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం చూపించాలి, అందుకే ఫొటో గురించి ఇంతగా చెప్తున్నా.

కార్ యాక్సిడెంట్‌కి వేరే గడువు. తప్పు ఎవరిదైనా సరే మీ ఇన్సూరెన్స్ కంపెనీకి 7 రోజుల్లో చెప్పాలి, వాళ్ళు పంపిన ఫారాలు 30 రోజుల్లో నింపి పంపాలి, అవతలివాళ్ళ మీద దావా వేయాలంటే మామూలుగా రెండేళ్ళు. పక్క సీట్లో కూర్చున్నవాళ్ళకి సొంత ఇన్సూరెన్స్ లేకపోయినా బెనిఫిట్స్ అడిగే హక్కుంది, ఇది చాలామంది స్టూడెంట్స్‌కి తెలియక ఫిజియో డబ్బులు జేబులోంచి కట్టుకుంటున్నారు. ఫుడ్ డెలివరీ చేసేవాళ్ళు ఆ సంగతి ఇన్సూరెన్స్‌వాళ్ళకి చెప్పి ఉండాలి, దాచిపెట్టి డెలివరీలో యాక్సిడెంట్ చేస్తే క్లెయిమ్ ఎగరగొట్టే ప్రమాదం ఉంది. రోడ్డు మీద టో ట్రక్ వాళ్ళు కార్డు ఇచ్చి పలానా లాయర్ దగ్గరికి వెళ్ళమంటే అక్కడికక్కడ ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది, తాగి బండి నడపడం. హైదరాబాద్‌లో డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికితే కౌన్సెలింగ్, కోర్టులో ఫైన్, అక్కడితో అయిపోతుందని అలవాటుపడిన మైండ్‌తో వస్తారు. ఇక్కడ అది క్రిమినల్ కోడ్ నేరం. 2018 డిసెంబర్ 18 నుంచి దానికి గరిష్ఠ శిక్ష 10 ఏళ్ళు చేశారు, ఆ ఒక్క మార్పుతో ఇమ్మిగ్రేషన్ చట్టంలో అది సీరియస్ క్రిమినాలిటీ కిందకి వచ్చింది. మొదటిసారి కాబట్టి జడ్జి గారు వెయ్యి డాలర్ల ఫైన్‌తో వదిలేసినా సరే, కోర్టు వేసిన శిక్ష చిన్నదే కదా అనుకుంటే సరిపోదు, ఆ నేరానికి చట్టంలో ఎంత దాకా వేయొచ్చో అదే లెక్క. స్టడీ పర్మిట్ వాళ్ళకే కాదు, పీఆర్ (శాశ్వత నివాసం) ఉన్నవాళ్ళకి కూడా దేశం నుంచి పంపేసే ప్రక్రియ మొదలుకావచ్చు. ఊదను అని మొండికేస్తే అది ఇంకో నేరం, దానికి ఫైన్ కనీసం రెండు వేలు. రోడ్డు మీద ఊదమన్నప్పుడు లాయర్ వచ్చేదాకా ఆగుతా అనడానికి లేదు. జీ2 లైసెన్స్ (పూర్తి లైసెన్స్ రాకముందుది) ఉన్నవాళ్ళకైతే ఒక్క చుక్క కూడా ఉండకూడదు. పార్టీకి వెళ్ళేముందే ఊబర్ డబ్బులు పక్కన పెట్టుకోండి.

అరెస్ట్ అయితే లాయర్‌తో మాట్లాడే హక్కు ఉందని పోలీసులే చెప్పాలి, ఇది 1982 చార్టర్, అంటే రాజ్యాంగంలోని హక్కుల పత్రం, ఇచ్చిన హక్కు, డబ్బు లేకపోయినా డ్యూటీ కౌన్సెల్ అనే లాయర్లు ఫ్రీగా ఫోన్‌లో దొరుకుతారు, రాత్రి రెండింటికైనా. పేరు, అడ్రస్ చెప్పండి, జరిగింది మాత్రం లాయర్‌తో మాట్లాడాకే. మర్యాదగా ఉండటం వేరు, కథంతా విప్పి చెప్పడం వేరు. క్రిమినల్ లాయర్‌ని పెట్టుకున్నప్పుడు మొదటి మాటే "నేను పీఆర్‌ని" లేదా "నేను వర్క్ పర్మిట్ మీద ఉన్నా" అని చెప్పండి, గిల్టీ అని ఒప్పుకునే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో కూడా ఒక గంట కూర్చోండి. తొందరగా తేలిపోతుంది కదా అని ఒప్పేసుకుని, ఆరు నెలల తర్వాత సీబీఎస్ఏ (సరిహద్దుల ఏజెన్సీ) నుంచి లెటర్ వచ్చాక మా దగ్గరికి వచ్చిన కుర్రాడు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నాడు.

ఇంట్లో మొగుడూ పెళ్ళాల గొడవకి 911 చేస్తే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. కొట్టినట్టు ఆధారం కనపడితే పోలీసులు చార్జ్ చేస్తారు, ఆ తర్వాత కేసు క్రౌన్ (ప్రభుత్వ ప్రాసిక్యూటర్) చేతిలో ఉంటుంది, భార్య వెళ్ళి వెనక్కి తీసుకుంటానన్నా అది ఆవిడ చేతిలో లేదు, పెద్దమనుషులు కూర్చుని రాజీ చేసే వీలు లేదు. బెయిల్ షరతుల్లో ఇంటికి వెళ్ళకూడదు, మాట్లాడకూడదు అని రాస్తారు. అత్తగారి చేత వాట్సాప్‌లో కబురు పంపించినా అది షరతు దాటినట్టే, ఇంకో చార్జ్. ఇక దెబ్బలు తింటున్నవాళ్ళకి ఒక మాట, "నిన్ను పీఆర్ తీయించి పంపించేస్తా" అని బెదిరిస్తే భయపడి ఉండిపోకండి అమ్మా. స్పాన్సర్ మీద వచ్చినవాళ్ళు రెండేళ్ళు కలిసే ఉండాలన్న షరతు 2017లోనే తీసేశారు, మీ చేతికొచ్చిన పీఆర్‌ని ఆయన రద్దు చేయించలేడు. 211కి ఫోన్ చేస్తే దగ్గర్లో ఉన్న షెల్టర్, ఫ్రీ లీగల్ క్లినిక్ వివరాలు చెప్తారు.

ఇమ్మిగ్రేషన్‌లో గడువులు మరీ చిన్నవి. కెనడాలో ఉండగా అప్లికేషన్ రిఫ్యూజ్ అయితే ఫెడరల్ కోర్టుకి వెళ్ళడానికి 15 రోజులు, బయట దేశంలో తీసుకున్న నిర్ణయమైతే 60 రోజులు. పర్మిట్ అయిపోయేలోపే ఎక్స్‌టెన్షన్ పెట్టేస్తే జవాబు వచ్చేదాకా స్టేటస్ నిలుస్తుంది, అయిపోయాక అయితే రీస్టోరేషన్‌కి 90 రోజులు, ఆ రోజుల్లో పని చేయకూడదు. డబ్బులు తీసుకుని మీ ఫైల్ నడిపే అధికారం లాయర్లకి, క్యుబెక్ నోటరీలకి, లాయర్ కాకపోయినా కొన్ని పనులకి లైసెన్స్ ఉన్న ఒంటారియో పారాలీగల్స్‌కి, ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంట్ల కాలేజీలో పేరున్నవాళ్ళకే ఉంది. ఆ కాలేజీ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడటానికి రెండు నిమిషాలు పట్టదు. అమీర్‌పేటలోనో విజయవాడలోనో మీ ఫైల్ పెట్టినాయన ఆ లిస్టులో ఉన్నాడా లేడా చూశారా? ఆయన ఫారంలో అబద్ధం రాస్తే సంతకం మీది, మిస్‌రెప్రజెంటేషన్ కింద 5 ఏళ్ళ నిషేధం మీకు. దొంగ అడ్మిషన్ లెటర్ల గొడవ అయ్యాకే 2023 డిసెంబర్ నుంచి ప్రతి లెటర్‌నీ కాలేజీతో సరిచూడటం మొదలుపెట్టారు. పంపిన ప్రతి ఫారం కాపీ మీ దగ్గర ఉంచుకోండి, ఇవ్వను అనేవాడికి పని ఇవ్వకండి. ఎల్ఎంఐఏకి (విదేశీ వర్కర్‌ని పెట్టుకోడానికి ఎంప్లాయర్ తెచ్చుకునే అనుమతి) పాతిక వేలు కట్టమని ఎవరైనా అంటే అది ఉద్యోగం అమ్మడం, ఆ వెయ్యి డాలర్ల ఫీజు ఎంప్లాయర్ సొంతంగా కట్టాల్సింది. స్టూడెంట్స్‌కి క్లాసులు నడిచే రోజుల్లో బయట పని వారానికి 24 గంటలే, క్యాష్ ఇస్తే లెక్కలోకి రాదనుకోకండి.

ఉద్యోగం పోతే ఎంప్లాయ్‌మెంట్ లాయర్. డిసెంబర్‌లో హెచ్ఆర్ వాళ్ళు పిలిచి ఒక కవర్ ఇచ్చి శుక్రవారంలోపు సంతకం పెట్టమంటారు. ఆ గదిలో పెట్టొద్దు. చట్టం ప్రకారం రావాల్సిన కనీస మొత్తం మీరు సంతకం పెట్టినా పెట్టకపోయినా ఇవ్వాలి, వాళ్ళు సంతకం అడిగేది దానిపైన రాగలిగేది వదులుకోమని. వయసు, సర్వీసు, హోదా బట్టి కోర్టులు కనీసం కంటే చాలా ఎక్కువ నోటీసు డబ్బు ఇప్పిస్తాయి, మీ కాంట్రాక్ట్‌లో ఏం రాసుందో చూసి లాయర్ చెప్తారు. మనవాళ్ళలో ఐటీ వాళ్ళు ఎక్కువ కాబట్టి ఇది కూడా, ఒంటారియోలో ఐటీ ప్రొఫెషనల్స్‌కి 44 గంటలు దాటితే ఓవర్‌టైమ్ అనే రూల్ వర్తించదు. అయితే మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదని 2021 అక్టోబర్ 25 నుంచి రాసుకున్న నాన్‌కాంపీట్ షరతులు, పై స్థాయి ఎగ్జిక్యూటివ్‌లకి తప్ప, చెల్లవు. బ్యాంకులు, టెలికాం, ఎయిర్‌లైన్స్‌లో చేసేవాళ్ళకి ఈ ఒంటారియో చట్టం రూల్స్ వర్తించవు, వాళ్ళకి ఫెడరల్ చట్టమైన కెనడా లేబర్ కోడ్.

అద్దె గొడవలు ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ బోర్డుకి వెళ్తాయి, వీటికి లాయరే అక్కర్లేదు, లైసెన్స్ ఉన్న పారాలీగల్ చాలు, ఖర్చు కూడా తక్కువ. చలికాలంలో ఓనర్ హీట్ ఆపేయకూడదు, తాళం మార్చి బయట పెట్టకూడదు, బోర్డు ఆర్డర్ ఇచ్చాక షెరీఫ్ వచ్చి మాత్రమే ఖాళీ చేయించాలి. ఎన్11 అనే కాగితం మీద మాత్రం ఊరికే సంతకం పెట్టకండి, అది మీ అంతట మీరే ఖాళీ చేస్తానని ఒప్పుకోవడం. ఒక పెద్ద మినహాయింపు ఉంది, ఓనర్‌తోనో వాళ్ళ కుటుంబంతోనో కిచెన్ గానీ బాత్రూమ్ గానీ పంచుకుని ఉంటే ఈ చట్టం మీకు వర్తించదు. మన తెలుగువాళ్ళ ఇంట్లోనే రూమ్ తీసుకున్నాం, సొంత మనుషుల్లా చూస్తారు అని సంతోషపడే స్టూడెంట్స్ చాలామంది సరిగ్గా ఈ పరిస్థితిలోనే ఉంటారు, కాబట్టి ఎన్ని రోజుల నోటీసో ముందే కాగితం మీద రాయించుకోండి.

విడాకుల సంగతి కొంచెం జాగ్రత్తగా వినండి. ఇక్కడ ఏడాది విడిగా ఉంటే విడాకులు వచ్చేస్తాయి, ఎవరి తప్పూ చూపించక్కర్లేదు. కానీ హిందూ మ్యారేజ్ యాక్ట్ కింద పెళ్ళయినవాళ్ళకి ఆ కారణం ఇండియాలో లేదు. తిరుపతిలో పెళ్ళి చేసుకుని అమెరికాలో విడాకులు తెచ్చుకున్న ఒకాయన కేసులోనే ఇండియా సుప్రీంకోర్టు 1991లో చెప్పేసింది, భార్య ఆ కోర్టుకి ఒప్పుకోకుండా, మన చట్టంలో లేని కారణంతో ఇచ్చిన విదేశీ డిక్రీ చెల్లదని. ఆ డిక్రీ నమ్ముకుని ఊరెళ్ళి రెండో పెళ్ళి చేసుకుంటే ఏమవుతుందో మీరే ఆలోచించండి. ఇక్కడి ఫ్యామిలీ లాయర్‌తో పాటు ఇండియాలో ఒక లాయర్‌ని కూడా అడిగాకే అడుగు వేయండి. పిల్లల్ని తీసుకుని సెలవులకి ఇండియా వెళ్తుంటే రెండో పేరెంట్ అనుమతి లెటర్ నోటరీ చేయించుకోండి, చెప్పకుండా తీసుకెళ్ళి అక్కడే ఉండిపోతే ఇక్కడ క్రిమినల్ నేరం కూడా కావచ్చు.

ఇల్లు కొనేవాళ్ళు సంతకానికి ముందు రియల్ ఎస్టేట్ లాయర్‌కి చూపించండి. ఒంటారియోలో బిల్డర్ దగ్గర కొత్త కాండో (ఫ్లాట్) కొంటే 10 రోజుల్లో మనసు మార్చుకోవచ్చు, రీసేల్ ఇంటికి ఆ వెసులుబాటు లేదు. పీఆర్ రాకుండా కొంటే 25 శాతం టాక్స్ పడొచ్చు, ఏజెంట్ మాట మీద ఉండకండి. వీలునామా కూడా రాయించుకోండి, చిన్న పిల్లలుంటే మరీను. పెళ్ళి కాకుండా కలిసి ఉండేవాళ్ళకి ఒంటారియోలో వీలునామా లేకుండా వారసత్వ హక్కు రాదు.

లాయర్ ఎలా దొరుకుతారంటే, లా సొసైటీ ఆఫ్ ఒంటారియో డైరెక్టరీలో పేరు చూడండి, లైసెన్స్ ఉందో, క్రమశిక్షణ చర్యలు ఏమైనా ఉన్నాయో కనపడుతుంది. వాళ్ళ రెఫరల్ సర్వీస్ ద్వారా అయితే 30 నిమిషాల దాకా ఫ్రీగా మాట్లాడొచ్చు. "ఇలాంటి కేసులు ఈ ఏడాది ఎన్ని చేశారు, నా గడువు ఏ తేదీ" అని మొహమాటం లేకుండా అడగండి. ఆదాయం తక్కువైతే లీగల్ ఎయిడ్, కమ్యూనిటీ క్లినిక్‌లు ఉన్నాయి. ఇంగ్లీష్‌లో ఇబ్బంది ఉంటే, అమ్మానాన్నలకైనా మీకైనా, అర్థం కాని అఫిడవిట్ మీద సంతకం పెట్టకండి. కోర్టు విచారణలో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడిగే హక్కు చార్టర్ 14వ సెక్షన్‌లో ఉంది, డేట్ ఇచ్చిన రోజే అడగండి, ఆఖరి వారంలో అడిగితే మనిషి దొరక్క వాయిదా పడుతుంది.