ముక్కు ఆపరేషన్: ఏడాది ఓపిక పట్టాల్సిన పని

చిన్నప్పటి నుంచీ నా ముక్కు దూలం మీద ఒక బుడిపె ఉండేది, రెండేళ్ల కిందట తీయించుకున్నాను. అప్పటి నుంచి మా అనంతపురంలో ఎవరు కలిసినా నొప్పి ఎంత ఉంటుందనే అడుగుతారు. నొప్పి మాత్రలకు లొంగుతుంది, దాని గురించి టెన్షన్ వద్దు. కష్టమల్లా ఎదురుచూడటంలోనే ఉంది, ఎందుకంటే డాక్టర్ పని రెండు మూడు గంటల్లో అయిపోతే ముక్కు ఒక రూపానికి రావడానికి ఏడాది పడుతుంది.

ముందు డాక్టర్ సంగతి. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ (ఎంఎస్ తర్వాత చేసే పై డిగ్రీ) చేసినవాళ్లు గానీ, ఈ ఆపరేషన్‌లో చేయి తిరిగిన ఈఎన్‌టీ సర్జన్ గానీ అయ్యుండాలి. ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారని మొహమాటపడకుండా అడగండి. నేను మొదట వెళ్లిన క్లినిక్‌లో కంప్యూటర్‌లో నా ఫొటోకి సన్నటి ముక్కు పెట్టి చూపించి, అదే రోజు అడ్వాన్స్ కట్టమన్నారు, గాలి సరిగ్గా ఆడుతోందా అని ఒక్క మాట కూడా అడగలేదు. లేచి వచ్చేశాను. తర్వాత చూపించుకున్న డాక్టర్ లైటు వేసి లోపల చూసి, ముక్కు మధ్య గోడ వంకరగా ఉందని చెప్పి, రెండూ ఒకేసారి సరిచేశారు. అందం కోసం చేసేదానికి ఇన్సూరెన్స్ రాదు, గోడ సరిచేసే భాగానికి మాత్రం కొన్ని పాలసీల్లో వస్తుంది కాబట్టి ముందే కనుక్కుని బిల్లు విడివిడిగా రాయించుకోండి.

మీ పిల్లల కోసం ఆలోచిస్తుంటే తొందరపడొద్దు, ముఖం ఎదుగుదల పూర్తయ్యేదాకా, అంటే ఆడపిల్లలకు 15, 16 ఏళ్లు, మగపిల్లలకు 17 దాకా ఆగాలి. పెళ్లి ముహూర్తం పెట్టుకుని నెల ముందు వెళ్లడం అసలు వద్దు, కనీసం ఆరు నెలల ఎడం ఉంచుకోండి. మన ఏప్రిల్, మే ఎండలు కూడా దీనికి పడవు. చెమటకు పట్టీలు ఊడొస్తాయి, కమిలిన చోట ఎండ తగిలితే నల్లమచ్చ పడుతుంది. నేను డిసెంబర్‌లో చేయించుకున్నాను.

సిగరెట్ అలవాటుంటే నాలుగు వారాల ముందే మానాలి. ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటివి రక్తస్రావం పెంచుతాయి, మీరు వాడే ప్రతి మాత్రా డాక్టర్‌కి చెప్పండి, గుండె మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. ముక్కుపుడక తీసేయాలి. నాది పదేళ్లుగా తీయని మర, ఇంట్లో ఎంత తిప్పినా రాలేదు, చివరికి కంసాలి దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది, ఆ పని వారం ముందే పెట్టుకోండి. మనవాళ్లు ఎక్కువగా అనంతపురం నుంచి బెంగళూరుకో, కర్నూలు నుంచి హైదరాబాద్‌కో పోతారు, రెండూ 200 కిలోమీటర్ల పైమాటే. పట్టీ విప్పడానికి వారానికి మళ్లీ పోవాలి కాబట్టి ఆ వారం అక్కడే చుట్టాలింట్లో ఉండేలా చూసుకోండి.

పూర్తి మత్తు ఇస్తారు. కోత ముక్కు లోపలి నుంచే పెట్టొచ్చు, లేదా రెండు రంధ్రాల మధ్య కింద చిన్నగా పెట్టి చర్మం పైకెత్తి చేయొచ్చు, ఆ గీత కొన్ని నెలలకు పెద్దగా కనపడదు. మెలకువ వచ్చాక ముక్కు బిగదీసుకుని ఉంటుంది, నోటితోనే ఊపిరి పీల్చాలి, పెదాలు ఎండిపోతాయి. రెండో రోజు, మూడో రోజు కళ్ల చుట్టూ బాగా వాచి నీలంగా కమిలిపోతుంది, భయపడొద్దు, పసుపు రంగుకు తిరిగి రెండు వారాల్లో పోతుంది. తల కింద రెండు మూడు దిండ్లు పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. తల మీదుగా వేసుకునే బట్టలు కాకుండా ముందు గుండీలున్నవి సర్దుకోండి. మెత్తగా వండిన రాగిసంగటి, పప్పు హాయిగా దిగుతాయి, జొన్నరొట్టె, చెనక్కాయలు నమిలితే పైపెదవి లాగుతుంది.

నాలుగో రోజు అత్త వంటింట్లో ఎండుమిరపకాయల తిరగమాత వేసింది, ఆ ఘాటుకు తుమ్ము ఆగలేదు. డాక్టర్ చెప్పింది గుర్తొచ్చి నోరు పూర్తిగా తెరిచి తుమ్మాను, రెండు చుక్కల రక్తంతో పోయింది. తుమ్ము ఆపుకోవడం, ముక్కు చీదడం రెండూ ప్రమాదమే, చీదడం కనీసం రెండు వారాలు వద్దు. రక్తం ఆగకుండా కారినా, జ్వరం 101 దాటినా, ముక్కులోంచి నీళ్లలాంటిది అదేపనిగా కారినా, చూపు మసకబారినా, ముక్కు లోపల వాచి నొప్పి పెరుగుతున్నా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ఏడో రోజు పట్టీ విప్పారు. అద్దంలో లావుగా, కొన పైకి లేచిన ముక్కు, ఇది నాది కాదే అని ఏడ్చేశాను. వీడియో కాల్‌లో మా అవ్వ చూసి, "వాపు దిగనీయే పాపా, ఇప్పుడే ఏం చూస్తావు" అంది. ఆ వారంలో మనసు ఇలా కుంగడం చాలామందికి ఉంటుంది, మీ పక్కన ఉండేవాళ్లకు ముందే చెప్పి పెట్టండి.

కళ్లజోడు నాలుగు నుంచి ఆరు వారాలు ముక్కు మీద ఆనకూడదు. నీళ్ల బిందెలు, జిమ్ నెలరోజులు వద్దు, చంటిపిల్లలున్న ఇంట్లో వాళ్ల తల తగలకుండా మరీ జాగ్రత్త. తాడిపత్రి, బేతంచెర్ల వైపు రాళ్ల పాలిష్ పని చేసేవాళ్లు ఆ దుమ్ములోకి ఎప్పుడు తిరిగి వెళ్లొచ్చో డాక్టర్‌ని అడిగే వెళ్లాలి. ముక్కు కొన మొద్దుబారినట్టు కొన్ని నెలలు ఉంటుంది, పొద్దున లేవగానే వాపు ఎక్కువగా, సాయంత్రానికి తక్కువగా కనిపిస్తుంది. మూడు నెలలకు చాలా వరకు దిగుతుంది, కొన మాత్రం అన్నిటికంటే ఆలస్యం, చర్మం మందంగా ఉన్నవాళ్లకు ఏడాది దాటినా పట్టొచ్చు. నెలకొకసారి ఒకే కిటికీ దగ్గర నిలబడి పక్కనుంచి ఒక ఫొటో తీసుకోండి, మార్పు అద్దంలో కంటే అందులోనే తెలుస్తుంది. కొంతమందికి రెండో ఆపరేషన్ అవసరం పడుతుంది, కానీ ఏడాది నిండకముందే చేయించుకోమని ఎవరైనా అంటే ఇంకో డాక్టర్‌కి చూపించండి.