రేడియేటర్ మోత: కీ తిప్పే ముందు చప్పుడు వినండి

బ్రిటన్‌లో చలి మొదలై హీటింగ్ వేయగానే గదుల్లోని వేడినీళ్ల రేడియేటర్లు రకరకాలుగా మోగుతాయి. ఏ మోతకైనా చాలామంది రేడియేటర్ స్క్రూ తిప్పే చిన్న కీ పుచ్చుకుని లోపలి గాలి వదిలేస్తారు. గాలి చేరిన రేడియేటర్‌కు అది సరైన మందే. మిగతా వాటికి ఒరిగేదేమీ ఉండదు, పైగా నీళ్లు కాచే బాయిలర్ ప్రెషర్ పడిపోతుంది.

గుడగుడ

లోపల నీళ్లు గుడగుడమంటూ, పైభాగం చల్లగా, కిందిభాగం వేడిగా ఉంటే గాలి చేరినట్టే. హీటింగ్ ఆపి గంటసేపు చల్లారనివ్వండి. పంపు తిరుగుతుండగా తెరిస్తే కొన్ని ఇళ్లలో గాలి పోకపోగా కొత్తగా లోపలికి వస్తుంది.

కింది అంతస్తుతో మొదలుపెట్టి పైకి వెళ్లండి. రేడియేటర్ పై మూలన చదరపు మొన ఉన్న చిన్న స్క్రూ ఉంటుంది. కింద పాతగుడ్డ, గ్లాసు పట్టుకుని, కీని గడియారం ముల్లుకు ఎదురుగా పావు చుట్టు, మహా అయితే అర చుట్టు తిప్పండి. ముందు సుయ్‌మని గాలి, ఆపైన తుంపర్లు, చివరికి సన్నటి ధార. ధార తెగకుండా వస్తే వెంటనే మూసేయండి, మరీ బిగించకండి. స్క్రూ పూర్తిగా ఊడిందంటే సిరాలాంటి నల్లనీళ్లు కార్పెట్ మీద పడతాయి. ఆ మరక ఓ పట్టాన వదలదు.

తర్వాత కాంబీ బాయిలర్ (ట్యాంకు లేకుండా హీటింగ్‌కూ కుళాయిలకూ నీళ్లు కాచేది) ప్రెషర్ గేజ్ చూడండి. చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. తగ్గితే, సిస్టమ్‌లోకి కుళాయి నీళ్లు ఎక్కించే ఫిల్లింగ్ లూప్ వాడాలి. చాలా ఇళ్లలో అది బాయిలర్ కింద, స్టీలు తీగతో జడ అల్లినట్టుండే గొట్టం. దాని వాల్వులు మెల్లగా తెరిచి, 1.2 దగ్గర రెండూ మూసేయండి. మరచిపోతే 3 బార్ దగ్గర సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని, బయటి గోడ గొట్టంలోంచి నీళ్లు కారతాయి. అటక మీద చిన్న ట్యాంకు ఉండే పాత ఇళ్లలో ఈ గేజ్ ఉండదు. ఆ ట్యాంకు ఎండిపోయిందేమో, దాని బంతి వాల్వ్ ఇరుక్కుందేమో చూడండి.

నెలకోసారి గాలి తీయాల్సి వస్తుంటే మాత్రం జబ్బు వేరు. ఎక్కడో నీళ్లు కారుతుండాలి, లేదా లోపల ఇనుము తుప్పుపట్టి హైడ్రోజన్ పుడుతుండాలి. అది మండే వాయువు కాబట్టి గాలి తీసేటప్పుడు దగ్గర్లో మంట వద్దు. రేడియేటర్ కింద నడిమి భాగం చల్లగా ఉంటే నల్లటి తుప్పు బురద పేరుకున్నట్టే. సిస్టమ్‌ను కడిగించి, తుప్పు పట్టకుండా ఆపే ఇన్హిబిటర్ పోయించి, తుప్పు రేణువులను పట్టే మాగ్నెటిక్ ఫిల్టర్ పెట్టించాలి. కడగకుండా ఇన్హిబిటర్ ఒక్కటే పోస్తే ఉన్న బురద అక్కడే ఉంటుంది.

టకటక

హీటింగ్ వేసిన పది నిమిషాలకు, మళ్లీ ఆపాక వినిపిస్తే అది లోహం సాగి ముడుచుకునే చప్పుడు. 10 మీటర్ల రాగి పైపు 50 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 8 మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది. నేల చెక్కల్లో పైపు ఇరుగ్గా ఉంటే రాసుకుంటూ జరుగుతుంది, ప్రతి కుదుపుకూ ఒక టక్. వేడెక్కేటప్పుడు పైపు మీద చెయ్యి వేస్తే, ఆ కుదుపు ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది (కాలుతుంది, ఎక్కువసేపు ఉంచకండి). చెక్కలోంచి పైపు పైకొచ్చే రంధ్రాన్ని ఆకురాయితో కాస్త పెద్దది చేసి, పాల ప్లాస్టిక్ డబ్బా కోసిన ముక్కను చుట్టూ దూర్చండి. చాలాసార్లు అంతే సరిపోతుంది. రేడియేటర్ వేలాడే కొక్కేల మీద ప్లాస్టిక్ ముక్కలు ఊడిపోయినా ఇదే చప్పుడు.

బాయిలర్‌లో హీటింగ్ నీళ్ల వేడిని 75 డిగ్రీల నుంచి 60కి తగ్గిస్తే మోత తగ్గుతుంది, కండెన్సింగ్ బాయిలర్ (పొగలోని వేడినీ వాడుకునేది) అయితే గ్యాసూ ఆదా అవుతుంది. వేడినీళ్ల సిలిండర్ ఉన్న ఇంట్లో 65 కంటే దించకండి.

దబదబ, ఈల

సుత్తితో కొట్టినట్టు దబదబమంటే, గది వేడిని బట్టి దానంతటదే తెరుచుకుని మూసుకునే థర్మోస్టాట్ వాల్వ్‌ను అనుమానించండి. దాన్ని పూర్తిగా తెరవగానే మోత ఆగితే అనుమానం బలపడినట్టే. వాల్వ్ మీద బాణం గుర్తు ఉంటుంది. చల్లటి ఇంట్లో హీటింగ్ వేసి, రెండు పైపుల్లో ఏది ముందు వేడెక్కుతుందో చూడండి. నీళ్లు వచ్చే పైపు అదే. ఆ నీళ్లు బాణానికి ఎదురుగా పోతుంటే వాల్వ్ మూసుకునే వేళ కొట్టుకుంటుంది. రెండు వైపులా బాణం ఉన్న వాల్వ్ వేయించండి. నీళ్లు దించాల్సిన పని, అలవాటు లేకపోతే ప్లంబర్‌ను పిలవండి.

సన్నటి ఈల వస్తే నీటి వేగం ఎక్కువన్నమాట. విడిగా ఉన్న పంపు వేగం 3లో ఉంటే 2కి తగ్గించండి. రేడియేటర్ రెండో చివర ప్లాస్టిక్ టోపీ కింద ఉండే వాల్వ్ మరీ మూసి ఉన్నా ఈల వస్తుంది. పావు చుట్టు తెరిచి వినండి, ఎంత తిప్పారో రాసిపెట్టుకోండి.

బాయిలర్‌లోంచే వస్తే

కెటిల్ మరిగినట్టు మోగితే, లోపల సున్నమో బురదో పేరుకుని నీళ్లు అక్కడక్కడే మరుగుతున్నాయి. లండన్, ఆగ్నేయ ఇంగ్లండ్‌లోని కఠిన జలంతో ఈ సున్నం బెడద ఎక్కువ. బాయిలర్ మూత మీరు విప్పకండి, గ్యాస్ పనికి అర్హుల జాబితా అయిన గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్న ఇంజనీర్‌నే పిలిచి కార్డు అడిగి చూడండి.

ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఇళ్లకు హీటింగ్ మరమ్మతు 1985 నాటి చట్టం ప్రకారం ఇంటి ఓనరు బాధ్యత. గాలి మీరు తీసుకోవచ్చు. వాల్వ్ మార్చడం, సిస్టమ్ కడగడం లాంటివి మాత్రం ఓనరుకో ఏజెంటుకో ఈమెయిల్‌లో రాయండి, మోతను ఫోన్‌లో రికార్డు చేసి జతచేయండి.