జావాస్క్రిప్ట్ సైటును లైవ్‌లో పెట్టే ముందు జాగ్రత్తలు: పేజీలు గూగుల్ సెర్చ్‌లో కనిపించాలంటే

• ముందు బ్రౌజర్లో పేజీ సోర్స్ తెరవండి. శీర్షిక, వివరణ, ధర అందులోనే కనిపించాలి. ఖాళీ డివ్ (లోపల ఏమీ లేని హెచ్‌టీఎంఎల్ పెట్టె) ఒక్కటే ఉంటే, సరుకంతా స్క్రిప్టు నడిచాకే వస్తోందన్నమాట. గూగుల్‌బాట్ (సెర్చ్ కోసం పేజీలు చదివే గూగుల్ ప్రోగ్రామ్, అంటే క్రాలర్) స్క్రిప్టును నడుపుతుంది, కానీ అందుకోసం పేజీ క్యూలో ఆగాలి. స్క్రిప్టు నడపని క్రాలర్లకైతే మీ పేజీ ఖాళీయే. ముఖ్యమైన పేజీలనైనా సర్వర్ దగ్గరే తయారుచేసి పంపండి.

• లింకులు <a> ట్యాగులో, హెచ్‌రెఫ్‌తో (వెళ్లాల్సిన చిరునామాతో) ఉండాలి. ఆన్‌క్లిక్ బటన్‌ను క్రాలర్ నొక్కదు. ‘మరిన్ని చూపు’ వెనక దాగిన వస్తువులకు 2, 3 అంటూ పేజీ లింకులు కూడా ఇవ్వండి. చిరునామాలో హ్యాష్ గుర్తుతో పేజీలు మార్చొద్దు. హ్యాష్ లేకుండానే చిరునామా మార్చే బ్రౌజర్ సదుపాయం, హిస్టరీ ఏపీఐ వాడండి. హ్యాష్‌బ్యాంగ్ (చిరునామాలో #!) పద్ధతిని గూగుల్ 2015లోనే వద్దంది, పాత ట్యుటోరియళ్లను నమ్మకండి.

• క్రాలర్లు ఏవి చదవొచ్చో చెప్పే రోబోట్స్ ఫైలులో (robots.txt) జేఎస్, సీఎస్‌ఎస్ ఫోల్డర్లను అడ్డుకోవద్దు.

• నోఇండెక్స్‌ను (‘ఈ పేజీని సెర్చ్‌లో చూపొద్దు’ అనే ట్యాగును) మొదటి హెచ్‌టీఎంఎల్‌లో పెట్టి, తర్వాత స్క్రిప్టుతో తీసేద్దామనుకోకండి. అది కనబడగానే గూగుల్ స్క్రిప్టు నడపడమే మానేయొచ్చు.

• లేని పేజీకి సర్వర్ నుంచి 200 (అంతా సరే) కోడ్ కాదు, 404 (పేజీ లేదు) రావాలి.

• సెర్చ్ కన్సోల్‌లో (సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సాధనం) యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్ లైవ్ టెస్ట్ నడిపి, వచ్చిన హెచ్‌టీఎంఎల్‌లో పేజీ అడుగున ఉండే వాక్యం ఒకటి వెతకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చూసి సరే అనుకోవద్దు.