ఫాస్ట్‌బాల్ నిజంగా పనిచేస్తోందా? గన్ చూపించే అంకెను నమ్మే ముందు

బేస్‌బాల్‌లో పిచర్ (మన బౌలర్ లాంటివాడు) వేసిన ఫాస్ట్‌బాల్‌కు రాడార్ గన్ గంటకు 95 మైళ్లు చూపిస్తుంది. వెనకాల కూర్చున్నవాళ్లు "అబ్బో" అంటారు. ఆ తర్వాతి బంతినే బ్యాటర్ తాపీగా ఫెన్స్ అవతలికి పంపిస్తాడు. ఇంకో పిచర్ 89తో వేస్తుంటే వరసగా ముగ్గురు గాల్లోకి బ్యాట్ ఊపి తల వంచుకుని వెళ్లిపోతారు. బేస్‌బాల్ చూడటం మొదలుపెట్టిన కొత్తలో నాకిది ఎంతకీ బోధపడేది కాదు. క్రికెట్‌కు అలవాటుపడిన కళ్లు కదా, బంతి నేలను తాకాక ఏదో ఒకటి చేస్తుందని చూసేవాణ్ణి. ఇక్కడ బంతి నేలనే తాకదు. గాల్లో ఉన్న ఆ అర సెకను లోపే అంతా అయిపోవాలి.

బంతి వస్తుందని బ్యాటర్ అనుకున్న చోటికీ, అది నిజంగా వచ్చిన చోటికీ మధ్య తేడా ఎంత? నా దృష్టిలో ఫాస్ట్‌బాల్‌కు అసలు కొలత అదే. వేగం ఆ తేడాను తెచ్చే దారుల్లో ఒకటి మాత్రమే. కింద ఉన్న సమస్యల్లో మీ పిచర్‌ది ఏదో చూసుకోండి. అయితే ఏ సమస్యకైనా ముందు గన్‌ను అనుమానించండి, పిచర్‌ను తర్వాత.

సమస్య: నిన్న 90, ఇవాళ 85

మా అబ్బాయి స్కూల్ టీమ్‌లో ఆడేటప్పుడు గన్ పట్టుకునే పని నాకు అప్పగించారు. ఒకరోజు ఎండ ఎక్కువగా ఉందని మొదటి బేస్ వైపు నీడలో నిలబడి కొలిచాను. రోజూ 90 వేసే కుర్రాడికి వరసగా 85, 84 వస్తున్నాయి. కోచ్ పరుగెత్తుకొచ్చి "మోచెయ్యి నొప్పిగా ఉందా?" అని అడిగాడు. పిల్లాడికి టెన్షన్, వాళ్ల నాన్నకు ఇంకా టెన్షన్. రెండు ఇన్నింగ్స్ అయ్యాక క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) వెనక వల దగ్గరికి వెళ్లి పెడితే మళ్లీ 90. తప్పు చేతిది కాదు, నేను నిలబడ్డ చోటుది.

గన్ తనవైపు వచ్చే వేగాన్నే కొలుస్తుంది. బంతి దారికి పక్కగా నిలబడితే అంకె తగ్గుతుంది. 10 డిగ్రీల కోణంలో 90 కాస్తా 88.6 అవుతుంది. 20 డిగ్రీలైతే 84.6. పక్క నుంచి చూసే గన్ ఎక్కువ చూపించడం మాత్రం ఉండదు. కాబట్టి క్యాచర్ వెనకో, పిచర్ వెనకో, బంతి దారికి సూటిగా నిలబడి కొలవండి. ప్రతిసారీ అదే చోట నిలబడండి.

ఇంకో చిక్కు, బంతిని దారిలో ఎక్కడ పట్టుకుని కొలిచారన్నది. చేతిలోంచి వదిలినప్పటి వేగంలో దాదాపు పదో వంతుకు దగ్గరగా గాలి తినేస్తుంది. 95తో బయల్దేరిన బంతి బ్యాటర్ ముందున్న ప్లేట్ దగ్గరికి వచ్చేసరికి 87 ప్రాంతంలో ఉంటుంది. 1974లో నోలన్ రయాన్‌కు నమోదైన 100.9 మైళ్లు ప్లేట్‌కు చాలా దగ్గరగా కొలిచినవి. 2010లో అరోల్డిస్ చాప్‌మన్ వేసిన 105.8 చేతిలోంచి వదిలిన దగ్గరి లెక్క. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎవరు వేగం అని వాదించుకుంటే తెల్లవార్లూ తేలదు. అలాగే మేజర్ లీగ్ (అమెరికాలో బేస్‌బాల్ అగ్రశ్రేణి పోటీ) పట్టికల్లో 2017 నుంచి వేగాన్ని చేయి వదిలిన దగ్గరే లెక్కిస్తున్నారు. అంతకుముందు ఇంకాస్త ముందుకొచ్చాక లెక్కించేవారు. ఆ ఏడు ఒక పిచర్ వేగం అర మైలు పెరిగినట్టు కనిపిస్తే సంబరపడకండి.

సమస్య: వేగం ఉంది, అయినా ఉతికేస్తున్నారు

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. 2014లో మయామీ మార్లిన్స్ తరఫున నేథన్ ఇవాల్డి సగటున 95 దాటిన ఫాస్ట్‌బాల్‌తో దాదాపు 200 ఇన్నింగ్స్ వేశాడు. ఇచ్చిన హిట్లు (బ్యాటర్ కొట్టి బేస్ చేరినవి) 223, స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను ఔట్ చేసినవి) 142 మాత్రమే. అంత వేగానికి ఆ లెక్క ఎలా కుదురుతుంది?

కారణం బంతి ఆకారంలో, అంటే అది గాల్లో గీసే దారిలో వెతకాలి. 95 మైళ్ల బంతి ప్లేట్ చేరడానికి సుమారు 0.4 సెకన్లు. అంతసేపట్లో భూమ్యాకర్షణ ఒక్కటే పనిచేస్తే బంతి 31 అంగుళాలు కిందికి జారాలి. పిచర్ వేళ్లు బంతికి ఇచ్చే వెనక్కి తిరిగే స్పిన్ గాలిని పట్టుకుని అందులో సుమారు 16 అంగుళాలు వెనక్కి ఇస్తుంది. మేజర్ లీగ్‌లో మామూలు ఫోర్-సీమ్ ఫాస్ట్‌బాల్‌కు (సూటిగా వచ్చే, అన్నిటికన్నా వేగమైన రకం) కాస్త అటూ ఇటూగా ఇదే అంకె. దీన్నే ఇండ్యూస్డ్ వర్టికల్ బ్రేక్ అంటారు. ఏ ఫాస్ట్‌బాలూ పైకి లేవదు, అందరూ అనుకున్నంత కిందికి జారదు, అంతే.

బ్యాటర్ కన్ను ఆ 16 అంగుళాలకు అలవాటుపడి ఉంటుంది. వేల బంతులు చూసి చూసి బ్యాట్ దానంతటదే అక్కడికి వెళ్తుంది. మీ పిచర్ బంతి 19, 20 అంగుళాలు నిలబడితే (జారకుండా ఆగితే) బ్యాట్ బంతి కిందనుంచి పోతుంది. పదికే పరిమితమైతే బంతి పైభాగం తగిలి నేలమీద దొర్లుతుంది. సరిగ్గా మధ్యలో, అందరి బంతిలాగే వస్తే మాత్రం బ్యాట్ నడిబొడ్డున తగులుతుంది. దీన్ని ఆ రంగంలోవాళ్లు డెడ్ జోన్ అంటారు. అయితే ఇందులో చెయ్యి ఎత్తు కూడా ఉంది. చెవి పక్కనుంచి, పైనుంచి వేసేవాడి బంతి ఎక్కువ నిలబడుతుందని బ్యాటర్ ముందే లెక్కేసుకుంటాడు. అదే 16 అంగుళాలు పక్కనుంచి, తక్కువ ఎత్తులోంచి వదిలే చేతికి వస్తే బ్యాటర్ మోసపోతాడు.

పరిష్కారం రెండు వైపులా ఉంది. బంతి ఇంకా నిలబడేలా స్పిన్‌ను శుభ్రం చేసుకోవడం ఒకటి (దాని సంగతి కింద చెప్తాను). అది కుదరని చేతికి ఆ దారి వదిలేసి పట్టు మార్చి సింకరో (కిందికి దిగే బంతి) కట్టరో (చివర్లో పక్కకు కోసే బంతి) చేసుకోవడం రెండోది. రెండోదాన్ని చాలామంది ఓటమిలా చూస్తారు. మారియానో రివేరా దాదాపుగా ఒక్క కట్టర్‌నే నమ్ముకుని 652 సేవ్‌లు (ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడిన మ్యాచ్‌లు) సాధించి, 2019లో ఒక్క ఓటు కూడా తగ్గకుండా హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లాడు. ఏం రాబోతోందో స్టేడియం మొత్తానికి తెలుసు. తెలిసినా చివరి కొన్ని అడుగుల్లో పక్కకు కోసుకుపోయే బంతికి బ్యాట్ పిడి దగ్గరే తగిలేది.

సమస్య: స్పిన్ రేట్ బ్రహ్మాండం, బంతి మాత్రం జారిపోతోంది

నిమిషానికి 2,500 చుట్లు అని కాగితం మీద చూసి మురిసిపోయే ముందు ఒక భాగహారం చెయ్యండి. స్పిన్‌ను వేగంతో భాగిస్తే మేజర్ లీగ్ ఫోర్-సీమ్‌కు మామూలుగా 24 దగ్గర వస్తుంది. వేగంగా వేసేవాడికి స్పిన్ ఎలాగూ పెరుగుతుంది, కాబట్టి చుట్ల సంఖ్యను విడిగా చూస్తే ఏమీ తెలియదు.

భాగహారంలో కూడా బాగానే ఉండి బంతి నిలబడకపోతే, ఆ స్పిన్‌లో కొంత వృథా పోతోందని అర్థం. తుపాకీ గుండులా ముందుకు దూసుకుపోతూ తనచుట్టూ తాను తిరిగే స్పిన్ బంతిని ఎటూ కదపదు. కదిపే భాగాన్ని యాక్టివ్ స్పిన్ అంటారు. మంచి ఫోర్-సీమ్‌కు అది 90 శాతానికి పైనే ఉండాలి.

ఖరీదైన యంత్రం లేకపోయినా దీన్ని చూడొచ్చు. బంతి నడుం చుట్టూ నల్ల మార్కర్‌తో ఒక పట్టీ గీయండి. ఆ పట్టీ రెండు వేళ్ల మధ్యనుంచి నిలువుగా పోయేలా పట్టుకోమనండి. పిచర్ వెనకనుంచి ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ తీయండి. 2,200 చుట్లంటే సెకనుకు దాదాపు 37, అంటే ఒక్కో చుట్టుకు ఆరు ఫ్రేములు దొరుకుతాయి. పట్టీ నిలకడగా, సన్నని నిలువు గీతలా కనిపిస్తే స్పిన్ శుభ్రంగా ఉంది. గీత పక్కకు తిరిగి ఉంగరంలా విచ్చుకుంటే వేళ్లు బంతి వెనక లేవు, వదిలేటప్పుడు పక్కనుంచి కోస్తున్నాయి. వట్టి ఊగిసలాట మాత్రమే ఉంటే పట్టీని సరిగా పట్టుకోలేదేమో ముందు చూడండి. నేను మొదటిసారి అక్కడే పొరబడి, కుర్రాడి చేతిని అనవసరంగా తప్పుపట్టాను. దిద్దుకోవడానికి దగ్గరి దూరంలో, సగం బలంతో, వేళ్లు బంతి వెనకే ఉండేలా వేయించడమే మార్గం. రోజుల్లో రాదు, వారాలు పడుతుంది.

చేతితో సంబంధం లేని కారణాలు కూడా ఉంటాయి. సముద్రమట్టానికి సుమారు 5,200 అడుగుల ఎత్తున్న డెన్వర్‌లో గాలి పలచన, అక్కడ ఎవరి బంతైనా తక్కువ కదులుతుంది. ఇక 2021 జూన్ తర్వాత ఎవరి స్పిన్ అయినా ఒక్కసారిగా పడిపోయి కనిపిస్తే, జిగురు పదార్థాల కోసం అంపైర్లు పిచర్లను తనిఖీ చేయడం ఆ నెల 21నే మొదలైందని గుర్తుపెట్టుకోండి. అందరూ తప్పుచేశారని కాదు, ఆ తేదీకి అటూ ఇటూ ఉన్న అంకెలను మాత్రం కలపొద్దు.

సమస్య: గన్‌లో తక్కువే, కానీ అందరూ ఆలస్యంగా ఊపుతున్నారు

పిచర్ నిలబడే మౌండ్ (మట్టిదిబ్బ) మీది రబ్బరు పలక నుంచి ప్లేట్‌కు 60 అడుగుల 6 అంగుళాలు. కానీ ఎవరూ రబ్బరు మీద నిలబడి బంతిని వదలరు. అడుగు వేసి, ముందుకు సాగి, దాదాపు ఆరున్నర అడుగులు దగ్గరికొచ్చి వదులుతారు. ఇంకో అడుగు ముందుకు రాగలిగినవాడికి బంతి ప్రయాణించాల్సిన 54 అడుగుల్లో ఒకటి తగ్గుతుంది. బ్యాటర్‌కు అది సుమారు 1.7 మైళ్లు పెరిగినట్టే. 6 అడుగుల 10 అంగుళాల పొడగరి క్రిస్ యంగ్ ఫాస్ట్‌బాల్ చాలావరకు 80లలోనే ఉండేది. అయినా 2015 వరల్డ్ సిరీస్‌లో కాన్సస్ సిటీ రాయల్స్ గెలిచిన మొదటి మ్యాచ్ విజయం ఆయన ఖాతాలోనే పడింది.

పొట్టి పిచర్లకు ఇంకో వరం ఉంది. తక్కువ ఎత్తునుంచి వదిలి స్ట్రైక్ జోన్ (ప్లేట్ మీద, బ్యాటర్ మోకాళ్ల నుంచి ఛాతీ దాకా ఉండే చోటు) పైభాగంలో వేస్తే బంతి చదునుగా వస్తుంది. బ్యాట్ కిందనుంచి పైకి ఊపే బ్యాటర్లకు అది దొరకదు. కొందరికి బంతిని చివరి క్షణం దాకా ఒంటి వెనక దాచుకునే అలవాటు ఉంటుంది, దానికి ఇంకా సరైన కొలత కూడా లేదు.

పరిష్కారమా? ఏమీ చెయ్యకండి. గన్ అంకె పెంచుదామని ఇలాంటివాడి అడుగును, చెయ్యి ఎత్తును మార్చబోతే ఉన్నది కాస్తా పోతుంది.

సమస్య: బంతి మంచిదే, ఫలితం లేదు

అన్నీ సరిగా ఉన్నాయంటే వేస్తున్న చోటు చూడండి. నిలబడే ఫోర్-సీమ్‌ను మోకాళ్ల దగ్గర వేయించే క్యాచర్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ బంతి ఉండాల్సింది జోన్ పైన. కిందకు వేయాల్సింది సింకర్‌ను.

చోటు కూడా బాగుంటే దాని తోడు చూడండి. 2-0 (రెండు బాల్స్, ఒక్క స్ట్రైకూ లేదు) మీద ప్రతిసారీ ఫాస్ట్‌బాలే వస్తుందని తెలిస్తే 98 అయినా దొరికిపోతుంది. ఛేంజప్‌కూ (నెమ్మదిగా వచ్చేలా వేసే బంతి) ఫాస్ట్‌బాల్‌కూ ఎనిమిది నుంచి పది మైళ్ల తేడా ఉండి, చెయ్యి మాత్రం ఒకే వేగంతో కదలాలి. పైన చెప్పిన ఇవాల్డి తర్వాతి ఏళ్లలో స్ప్లిటర్‌ను (చివర్లో కిందికి పడిపోయే బంతి), కట్టర్‌ను గట్టిగా వాడుకుని 2018లో, 2023లో వరల్డ్ సిరీస్ గెలిచిన జట్లలో ఉన్నాడు. వేగం మొదట్నుంచీ ఉన్నదే.

సమస్య: ఒక మ్యాచ్‌లో దేవుడు, మరుసటి మ్యాచ్‌లో దయ్యం

చాలావరకు ఇది సమస్యే కాదు, లెక్క సరిపోకపోవడం. వేగం, కదలిక రెండు మూడు మ్యాచ్‌లలోనే తేలతాయి. హిట్లు తేలడానికి నెలలు పడుతుంది. ఇరవై బంతులు తగిలితే అందులో నాలుగు ఫీల్డర్ల మధ్యనుంచి పోవడం అదృష్టం. అందుకే హిట్ల సగటును కాదు, బ్యాట్ ఊపినవాటిలో ఎన్ని తప్పిపోయాయో లెక్కపెట్టండి. మేజర్ లీగ్ ఫోర్-సీమ్‌కు అది ఐదింట ఒకటికి కాస్త అటూ ఇటూ. సింకర్‌కు మాత్రం ఈ కొలత పెట్టకండి, దానికి నేల మీద దొర్లిన బంతులే మార్కులు.

ఏ యంత్రమూ లేకుండా మైదానంలోనే చూడగలిగేది ఫౌల్ బంతుల (బ్యాట్‌కు తగిలి గీతల బయటికి పోయినవాటి) దిక్కు. కుడిచేతి బ్యాటర్ ఫౌల్‌లు వరసగా మొదటి బేస్ వైపు (కుడికి) పోతుంటే ఆలస్యమవుతున్నాడు, ఫాస్ట్‌బాల్ గెలుస్తోంది. సూటిగా వెనక వలకు తగిలితే సమయం కుదిరింది, ఎత్తు ఇంకా కుదరలేదు. మూడో బేస్ వైపు (ఎడమకు) బలంగా పోతుంటే కాచుకుని కూర్చున్నాడు, తర్వాతి బంతి ఇంకేదైనా వేయండి. నేను స్కోరు షీట్ మార్జిన్‌లో వీటికి చిన్న బాణాలు గీసుకుంటాను. మూడో ఇన్నింగ్స్‌లో కుడివైపున్న బాణాలు ఐదో ఇన్నింగ్స్‌కు ఎడమవైపు తిరిగితే, స్కోరు ఇంకా సున్నా ఉన్నా బుల్‌పెన్‌లో (బదులు పిచర్లు ఉండే చోట) ఒకరిని లేపాల్సిన వేళయింది.

సమస్య: వేగం రెండు మైళ్లు పడిపోయింది, గన్ సరిగ్గానే ఉంది

ఒకే చోట నిలబడి కొలిచారు, అయినా వరసగా రెండు మ్యాచ్‌లలో తగ్గింది. బంతిని వదిలే ఎత్తు కూడా దిగింది, మొదట్లో పడాల్సిన స్ట్రైక్‌లు పడటం లేదు. ఇక పట్టీలు, భాగహారాలు పక్కన పెట్టేయండి. ఆ రోజుకు బంతి తీసేసుకుని, మోచెయ్యి, భుజం డాక్టర్‌కు చూపించండి. "నొప్పేం లేదు సార్" అని కుర్రాడు అంటాడు. వాళ్లెప్పుడూ అదే అంటారు.