లీప్ సెకను ప్రకటన వెలువడగానే సర్వర్ల దగ్గర చూసుకోవాల్సినవి

భూమి తిరుగుడుతో గడియారాలు సరిపోయేలా అప్పుడప్పుడు కలిపే అదనపు సెకనే లీప్ సెకను. 2016 డిసెంబరు 31 తర్వాత అది రాలేదు. 1972 నుంచి వచ్చినవి 27. ఇలా తరచూ సెకను కలిపే అవసరం లేకుండా 2035లోగా పద్ధతి మార్చాలని తూనికలు కొలతల అంతర్జాతీయ సమావేశం 2022లో తీర్మానించింది. ఈలోగా ఎప్పుడైనా రావచ్చు, ఆరు నెలల ముందు కబురందుతుంది. వస్తే మనకు జనవరి 1నో, జులై 1నో తెల్లవారుజామున 5:30కి. జనం నిద్రలో ఉంటారులే అనుకోకండి, బ్యాచ్ జాబులు (రాత్రిళ్లు వాటంతట అవే నడిచే పెద్ద పనులు) ముగింపుకొచ్చేదీ, నైట్ షిఫ్టువాళ్లు ఇంటికి బయల్దేరేదీ అప్పుడే.

మామూలు లినక్స్ గడియారం ఆ క్షణంలో ఒక సెకను వెనక్కి జరుగుతుంది. లాగ్‌లో 5:29:59.9 తర్వాత మళ్లీ 5:29:59.1 కనిపిస్తుంది. 2012లో లినక్స్ కెర్నల్ (వ్యవస్థకు మూలమైన ప్రోగ్రాం) టైమర్లలో ఉన్న లోపం బయటపడి ఎన్నో సర్వర్లలో సీపీయూ వంద శాతానికి ఎక్కి కూర్చుంది, రెడిట్ వెబ్‌సైటు పడిపోయింది. 2017 కొత్త సంవత్సరం మొదటి నిమిషంలో క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ డీఎన్ఎస్‌లో (వెబ్‌సైటు పేర్లకు చిరునామా వెతికిపెట్టే వ్యవస్థ) కాలవ్యవధి మైనస్‌లోకి పోయి ప్రోగ్రాం కూలింది. అందుకే కోడ్‌లో ఎంతసేపు పట్టిందో లెక్కగట్టే ప్రతిచోటా మోనోటోనిక్ క్లాక్ (ఎప్పుడూ వెనక్కి జరగని గడియారం) వాడారో లేదో ముందు వెతకండి.

నా లెక్కలో వీటికన్నా పెద్ద ప్రమాదం టైమ్ సర్వర్లను (మన మెషిన్లకు సరైన సమయం చెప్పే సర్వర్లను) కలగాపులగం చేయడం. గూగుల్, అమెజాన్ సర్వర్లు ఆ సెకనును 24 గంటల మీద పలచగా పరిచేస్తాయి. యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం అర్ధరాత్రి అయ్యేసరికి వాటికీ, అసలు యూటీసీకీ అర సెకను తేడా ఉంటుంది. సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల తర్వాత చాలామంది ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐసీ, ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లను కాన్ఫిగ్‌లో చేర్చారు, పాత గూగుల్ లైను మాత్రం తీయలేదు. రెండు అటు, రెండు ఇటు ఉంటే ఎవరి మాట నమ్మాలో ఎన్‌టీపీకి (సర్వర్లను అడిగి మెషిన్ గడియారం సరిచేసే పద్ధతి) తెలియదు. ఒకే రకం ఉంచండి. అన్ని మెషిన్లలోనూ అదే ఉంచండి. డేటాబేస్ ఒక పద్ధతి, యాప్ ఇంకో పద్ధతి అయితే రోజంతా తిప్పలే.

లీప్ సెకన్ల జాబితా ఉండే ఫైలుకు గడువు తేదీ ఉంటుంది, టైమ్‌జోన్ ప్యాకేజీ అప్‌డేట్ చేస్తే సరి.

సమయం సరిచేసే క్రోనీ ప్రోగ్రాం వాడుతుంటే, ముందురోజు దాని కమాండ్ 'క్రోనీసీ ట్రాకింగ్' కొట్టి చివరి లైను చూడండి. సెకనును పరచని సర్వర్లనే వాడుతుంటే 'నార్మల్' పోయి 'ఇన్సర్ట్ సెకండ్' రావాలి. సెకను దాటాక మళ్లీ 'నార్మల్' రావాలి.