మానవతా సాయం ఫలించిందా: లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి

ఎన్ని టన్నుల బియ్యం దించారు, ఎన్ని డేరాలు వేశారు అన్న అంకెలతో మొదలుపెట్టకండి. వాటిలో పెట్టిన ఖర్చు కనిపిస్తుంది, ఆగిన చావులు కనిపించవు. ముందు తేల్చాల్సింది సాయం అవసరమైన జనం ఎందరో. మరణాలను భాగించే ఈ సంఖ్య (హారం) తప్పితే మిగతా శ్రమంతా వృథా.

ఒక శిబిరం రిజిస్టర్‌లో 20,000 పేర్లున్నాయి, 30 రోజుల్లో 90 మంది చనిపోయారు అనుకుందాం. మరణాలను జనాభాతోనూ రోజులతోనూ భాగించి 10,000తో గుణిస్తే 1.5 వస్తుంది, అంటే రోజుకు పదివేల మందిలో 1.5 మరణాల రేటు. శాటిలైట్ చిత్రంలో డేరాలు లెక్కపెట్టి, కొన్నింట్లో తలలు లెక్కించి చూస్తే అసలు ఉన్నది 12,000 మందే అని తేలింది. అప్పుడు రేటు 2.5. రోజుకు పదివేల మందిలో 1 దాటితే చాలు, అత్యవసర పరిస్థితి, అయిదేళ్లలోపు పిల్లల్లో అయితే 2. ఆకలితో ఉన్నవాళ్లు రేషన్ కోసం అదనపు పేర్లు రాయించుకుంటారు, వాళ్లను తప్పుపట్టలేం. కానీ రిజిస్టర్‌నే నమ్మితే చావుల తీవ్రత దాగిపోతుంది.

మరణాలకు ఆసుపత్రి రికార్డు ఒక్కటే చాలదు, డేరాలో పోయినవాళ్లు అందులో ఉండరు. శ్మశానం దగ్గర రోజంతా ఒక మనిషిని ఉంచండి, ఇంటింటి సర్వేతో సరిచూడండి. 1994 జులైలో రువాండా శరణార్థులు చేరిన, కాంగో (అప్పటి జైర్) పట్టణం గోమాలో నేలంతా లావా రాయి. గోతులు తవ్వలేక శవాలను రోడ్డు పక్కన ఉంచితే లారీలు తీసుకెళ్లేవి, ఆ లెక్కే ఆధారమైంది. మొదటి నెలలోనే దాదాపు 50,000 మంది, ఎక్కువగా కలరా వంటి విరేచన వ్యాధులతో, పోయారు. తర్వాత రేటు తగ్గింది, అయితే కలరా అల దానంతటదే కూడా తగ్గుతుంది. అందుకే నీటి సరఫరా మొదలైన తేదీని, చావులు తగ్గడం మొదలైన తేదీని ఒకే గ్రాఫ్ మీద పెట్టి చూడాలి.

తలకు రోజుకు 15 లీటర్ల నీరు అన్న స్ఫియర్ (మానవతా సాయానికి అంతర్జాతీయ కనీస ప్రమాణాల పుస్తకం) ప్రమాణాన్ని ట్యాంకర్ దగ్గర కాదు, ఇంట్లో బిందెలు లెక్కపెట్టి కొలవండి. తీవ్ర పోషకాహార లోపానికి చికిత్స ముగించుకుని వెళ్లిన పిల్లల్లో 75 శాతానికి పైగా కోలుకోవాలి, మరణాలు 10లోపు, మధ్యలో మానేసినవారు 15లోపు ఉండాలి. ఇవన్నీ బాగున్నా, మోచేతి పైభాగంలో చేతి చుట్టుకొలత 115 మిల్లీమీటర్లకు తక్కువున్న (అంటే తీవ్ర పోషకాహార లోపమున్న) పిల్లల్లో సగం మంది కేంద్రానికే రాకపోతే ఆ కార్యక్రమం సగమే చేరినట్టు.

మొత్తం వ్యవస్థను అంచనా వేసేటప్పుడు దేశాల సగటు తీయొద్దు. నిధులు బాగా అందిన సంక్షోభం పట్టించుకోని దాన్ని కప్పేస్తుంది. సర్వే బృందం వెళ్లలేకపోయిన జిల్లాలకూ పట్టికలో వరస ఉంచి, జనాభా అంచనా రాయండి. ఖాళీ గడిలో సున్నా వేయొద్దు.